ముచ్చిక దగ్గర మందు

వ్యవసాయ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, కాసేపు కూర్చుని, వెళ్ళేముందు మర్యాద కోసం ఏదో ఒకటి అడుగుతారు. మొన్నొక అమ్మాయి, "మేడం, మీ రోజుల్లో ఆర్గానిక్ అనేది ఉండేదా?" అంది. ఆ మాట అప్పట్లో మా దగ్గర ఎవరి నోటా వినలేదు. ఎనభైల మొదట్లో నేను నూజివీడులో ఉద్యోగానికి చేరినప్పుడు మాకున్నవి ఒక గది ప్రయోగశాల, ఒక థర్మామీటరు, ఒక ఆఫీసరు. థర్మామీటరు పగిలిపోయింది. ఆఫీసరు సంగతి చెబుతాను.

నాకది మొదటి పోస్టింగు. కాలేజీలో మొక్కల తెగుళ్ళు చదువుకున్నాను గానీ, కుళ్ళిన మామిడికాయల మధ్య జీవితం మొదలవుతుందని అనుకోలేదు. మా ఆఫీసరు గారు అప్పటికే ఆ ప్రాంతంలో చాలా ఏళ్ళుగా ఉన్నారు. పొట్టి చేతుల తెల్ల చొక్కా, చేతిలో గొడుగు. రెడ్డిగూడెం నుంచి చింతలపూడి దాకా ఆయన తిరగని తోట లేదు. జనం ఆయన్ని "కుళ్ళు డాక్టరు గారు" అనేవాళ్ళు. ఆ పేరు వెనక ఎగతాళి ఏమీ లేదు. ఆయనకీ దాని మీద అభ్యంతరం ఉండేది కాదు. ఒకసారి నాతో అన్నారు, "మనుషుల కుళ్ళు చూసే డాక్టర్లకన్నా నయం కదమ్మా" అని.

ఆ గౌరవం ఆయనకి ఊరికే రాలేదు. మామిడికాయ కోసినప్పుడు నున్నగా, నిగనిగలాడుతూ ఉంటుంది. తెగులు మాత్రం చెట్టు మీద ఉన్నప్పుడే లోపల చేరి, కాయ పండే దాకా కదలకుండా కూర్చుంటుంది. గోడౌన్లో వరిగడ్డి మధ్య వేడెక్కి కాయ మెత్తబడుతుండగా, తొడిమ ఊడిన చోట, అంటే ముచ్చిక చుట్టూ, నల్లటి వలయం కనిపిస్తుంది. రెండు రోజులు తిరిగేసరికి సగం కాయ నల్లబడి, పక్క కాయలకి చెమ్మ అంటుకుని, బుట్ట బుట్టంతా కారిపోతుంది. ఆయన రాకముందు షావుకార్లు దీన్ని వడగళ్ళ వానలాగా దైవికం అనుకునేవాళ్ళు. ఆయన వచ్చి, కాయల్ని సర్దేముందు ఒక తెల్ల పొడి కలిపిన నీళ్ళలో ముంచమన్నారు. కుళ్ళు ఆగింది. ఆ పద్ధతిని ఒక కాగితం మీద అచ్చు వేయించి పంచితే, షావుకార్లు దాన్ని షెడ్లలో లక్ష్మీదేవి పటం పక్కన అంటించుకున్నారు. ఆయన బజారులో నడిచి వెళుతుంటే కొట్లలోంచి లేచి నిలబడేవాళ్ళు.

అందులో ఒక షావుకారు గారు ఈ కథలో ముఖ్యం. పెద్ద బజారులో ఇల్లు, ఇంటి వెనక పండ్ల షెడ్డు. నాగపూర్‌కి లారీలు పంపేవాడు. మాట నెమ్మది, లెక్క గట్టి. నేను వారానికొకసారి వాళ్ళ షెడ్డుకి వెళ్ళి కాయలు తెచ్చుకునేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం ఎండ పెళ్ళున కాస్తుంటే, భోజనం చేసి వెళ్ళమని ఆయన పట్టుబట్టాడు.

మామిడికాయ పప్పు, కొత్తావకాయ, గడ్డపెరుగు. ఆయన భార్య దగ్గరుండి వడ్డించింది. చివర్లో పండు తినమంది. షెడ్డులోకి వెళ్ళే గుమ్మం పక్కన ఒక బుట్ట నిండా చిన్నరసాలు ఉన్నాయి. ఆమెకి ఎందుకు శ్రమ అని నేనే లేచి ఒక కాయ తీసుకున్నాను. ఆమె గబుక్కున వచ్చి నా చేతిలోంచి లాగేసుకుంది.

"అయ్యో, అవి కాదమ్మా! అవి మందు కాయలు. ఉండు, నీకు ఇంటి కాయ తెస్తాను."

షావుకారు గారి ముఖం ఎర్రబడింది. "ఆడవాళ్ళకి అన్నీ అనుమానాలేనండీ. మీరేం అనుకోకండి" అన్నాడు.

"నాకేం అనుమానం?" అంది ఆమె, లోపల్నించి రెండు కాయలు తెస్తూ. "ఇంటికి వచ్చే కాయలు ముంచొద్దని ముఠా కూలీలకి చెప్పింది మీరు కాదూ?"

ఆయన పెరుగన్నం మీద దృష్టి పెట్టాడు. నేను ఇంటి కాయ తిన్నాను. చాలా బాగుంది. ఆ సంగతి కూడా చెప్పాలి కదా.

రసం ఎలా తింటారో తెలుగువాళ్ళకి చెప్పాల్సిన అవసరం లేదు గానీ, ఈ మధ్య అన్నిటినీ ముక్కలు కోసి ఫోర్కుతో తినే పిల్లల్ని చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. రసాన్ని కొయ్యరు. రెండు అరచేతుల మధ్య మెత్తగా పిసికి, ముచ్చిక తీసేసి, అక్కడే నోరు పెట్టి పీలుస్తారు. తొక్క మీద ఏముంటే అది పెదవుల మీదికి వస్తుంది. తిరిగి వెళ్ళేటప్పుడు ఆ బుట్టలోంచి ఒక మందు కాయ అడిగి తీసుకున్నాను. ఎండలో పట్టుకుని చూశాను. ముచ్చిక దగ్గరున్న చిన్న గుంటలో మందు నీళ్ళు ఆరి, సున్నం మరకలాగా తెల్లగా ఉంది.

మర్నాడు ఆ కాయని ఆఫీసరు గారి బల్ల మీద పెట్టాను.

"తినేముందు కడగాలని రాశాం కదమ్మా" అన్నారు ఆయన.

"కాగితం చివరి లైన్లో రాశాం సార్. అది షెడ్డులో గోడకి ఉంది. కాయ తినేది హైదరాబాదులో."

"మిగిలే మందు పరిమితిలోపే ఉంటుంది. చూసే సిఫారసు చేశాం."

"అది బంగినపల్లికి చూశారు సార్. తొక్క తీసి, కండ మాత్రం పరీక్ష చేశారు."

ఆయన కాయని చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. ఆ తెల్ల మరకని గోటితో గీకారు. "షావుకారు గారు తినడం లేదా?" అని అడిగారు.

"లేదు సార్. ఇంట్లో ఎవరూ తినరు."

ఆ మాట ఆయనకి ఎక్కడో తగిలింది. తనని చూసి లేచి నిలబడే మనిషి, తను చెప్పిన కాయని ఇంట్లోకి రానివ్వడం లేదు. గొడుగు తీసి, గదిలోనే ఒకసారి విప్పి, మళ్ళీ ముడిచారు. కోపం వస్తే ఆయన చేసే పని అది. ఆ కోపం నా మీద అనే అనుకున్నాను.

"సరే. మందు వద్దని మనం అంటాం. కుళ్ళు ఒప్పుకుంటుందా?" అన్నారు. "వద్దనడం ఎవరైనా చేస్తారు. బదులు ఏం చెయ్యాలో చూడండి. నేనూ చూస్తాను."

అలా మొదలైంది. ఆయనకి ఏ పని చేసినా మూలం దాకా వెళ్ళే అలవాటు. ఊళ్ళో దొరికే వస్తువులన్నీ ప్రయోగశాలలోకి వచ్చాయి. వెల్లుల్లి రసంలో ముంచిన కాయలు బాగానే నిలిచాయి గానీ, వాసన చూసిన మా అటెండరు "వీటిని పచ్చడి పెట్టుకోవచ్చండీ" అన్నాడు. పసుపు నీళ్ళలో ముంచిన పచ్చికాయలు పెళ్ళికూతుళ్ళలాగా తయారయ్యాయి. కుళ్ళు మాత్రం ఏమీ తగ్గలేదు. అయినా షావుకారు గారు చూసి తెగ ముచ్చటపడ్డాడు. "పండినట్టే ఉన్నాయి కదండీ! ఇవి పంపిద్దామా?" అన్నాడు. ఆఫీసరు గారు గొడుగు విప్పారు.

వేపనూనె అన్నిటికన్నా బాగా పనిచేసింది. నీళ్ళలో కలిసేలా కాస్త సబ్బు వేసి, ఆ ద్రావణంలో ముంచిన రసాల్లో ముచ్చిక కుళ్ళు చాలా తక్కువగా కనిపించింది. మాకు ఉత్సాహం ఆగలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే హైదరాబాదు నుంచి పై అధికారి తనిఖీకి వచ్చారు. ఆఫీసరు గారు ఆయనకి స్వయంగా ఒక పండు పిసికి ఇచ్చారు. మేమెవరమూ అప్పటికి ఒకటి కూడా తినలేదు. కుళ్ళిందా లేదా అని చూడటమే మా పని అనుకున్నాం.

పై అధికారి ముచ్చిక దగ్గర నోరు పెట్టారు. ఒక గుక్క పీల్చారు. తర్వాత ఆయన ముఖంలో జరిగిన మార్పులు రాయడం నా వల్ల కాదు.

"ఇది పండా, మందా?" అన్నారు చివరికి.

"ప్రస్తుతానికి రెండూ కాదండి. ప్రయోగం" అన్నారు మా ఆఫీసరు గారు.

పై అధికారి నీళ్ళు పుక్కిలించి వచ్చాక నవ్వారు గానీ, ఆ రోజు నుంచి మా మీద ఆయన నమ్మకం కాస్త తగ్గిందని అనుకుంటాను. మాకు మాత్రం ఒక విషయం తెలిసింది. తెగులు ఆగితే చాలదు. ఆ చోట నోరు పెట్టే మనిషి ఒకడున్నాడు.

ఆ మనిషిని దృష్టిలో పెట్టుకుంటే మిగిలింది వేడినీళ్ళు. ఇది మేం కనిపెట్టింది కాదు. మరిగిన నీళ్ళు కాకుండా, ఒక స్థాయి వేడి ఉన్న నీళ్ళలో కాసేపు ఉంచితే తొక్క కింద దాగున్న తెగులు చస్తుందని విదేశీ పత్రికల్లో ఎప్పుడో రాశారు. ఆఫీసరు గారు పాత సంచికల్లో వెతికి పట్టుకున్నారు. కాయ మీద ఏదీ మిగలదు, నీళ్ళు తప్ప. చిక్కల్లా ఎక్కడంటే, వేడి ఒకటి రెండు డిగ్రీలు తగ్గితే తెగులు బతుకుతుంది, అంతే పెరిగితే కాయ ఉడుకుతుంది. మొదటి బుట్ట ఉడికింది. అటెండరు దాన్ని పప్పులో వేసుకోవడానికి ఇంటికి పట్టుకెళ్ళాడు. రెండో బుట్ట కూడా అతని ఇంటికే వెళ్ళింది. ఆ తర్వాత నేను థర్మామీటరుని చేత్తో పట్టుకుని, కళ్ళార్పకుండా నిలబడడం నేర్చుకున్నాను. గాలికి మంట ఎగిస్తే ఒక కట్టె బయటికి లాగడం, నీళ్ళు చల్లబడుతుంటే లోపలికి తొయ్యడం. నేను చదివిన చదువంతా ఆ వేసవిలో పొయ్యి దగ్గరికి చేరింది.

ప్రయోగశాలలో కాయలు కుళ్ళకుండా నిలిచాక, షావుకారు గారి షెడ్డులో పెద్ద ఎత్తున చూద్దామన్నారు ఆఫీసరు గారు. షావుకారు గారు పెళ్ళి వంటల వాళ్ళ దగ్గర రెండు గంగాళాలు తెప్పించాడు. ఇక్కడ ముఠా పెద్ద అడ్డం తిరిగింది. షెడ్డులో కాయలు ఏరి, ముంచి, సర్దే ఆడవాళ్ళందరికీ ఆమె పెద్ద. మనిషి సన్నం, గొంతు పెద్దది.

"ఏంటండీ మేడంగారూ ఇది? అసలే రోళ్ళు పగిలే ఎండలు. పొయ్యి ముందు మమ్మల్ని నుంచోబెడతారా?"

"మందు నీళ్ళ బదులు వేడినీళ్ళమ్మా. ఇందులో మందు ఏమీ ఉండదు."

"మందు నీళ్ళయినా చల్లగా ఉంటాయి కదండీ. మీరు నుంచోండి, మేం చూస్తాం."

"నేనూ నుంచుంటాను" అన్నాను. అది గొప్ప కోసం చెప్పిన మాట కాదు, థర్మామీటరు నా దగ్గరే ఉంది మరి.

ఆమె కాసేపు నన్ను తేరిపార చూసి, బేరం మొదలుపెట్టింది. పని తెల్లవారుతుండగా మొదలుపెట్టి, ఎండ ఎక్కేలోపు ఆపెయ్యాలి. పొయ్యి మీద తాటాకు పందిరి వెయ్యాలి. మజ్జిగ ఇవ్వాలి. కాయలు చేత్తో ముంచేది లేదు, వెదురు తట్టలో పోసి, కర్రకి తగిలించి దించాలి. షావుకారు గారు మజ్జిగ దగ్గర కొంచెం గొణిగి, అన్నిటికీ ఒప్పుకున్నాడు.

రెండో రోజే థర్మామీటరు పగిలింది. ఎవరి తప్పూ లేదు. తట్ట ఊగి తగిలింది. విజయవాడ నుంచి కొత్తది వచ్చేదాకా పని ఆగింది. తర్వాత మళ్ళీ మొదలుపెట్టి, ఒక లారీ బంగినపల్లి సిద్ధం చేసి, సగం మందు కాయలు, సగం వేడినీళ్ళ కాయలు నాగపూర్‌కి పంపాం.

లారీ చేరిన రోజు నేను షావుకారు గారి కొట్టులోనే ఉన్నాను. ట్రంక్ కాల్ వచ్చింది. ఆయన ఫోను చెవికి నొక్కుకుని, రెండో చెవి అరచేత్తో మూసుకుని అరుస్తున్నాడు.

"ఏంటీ? గట్టిగా చెప్పు... కుళ్ళాయా? లేదా? మరేంటి?... మెత్తబడ్డాయా? ఎన్ని?... అన్నీనా?"

ఫోను పెట్టేశాడు. తర్వాత చాలా మర్యాదగా చెప్పాడు. "అమ్మా, మీ కాయ కుళ్ళలేదు. నాగపూర్ చేరేసరికే ముగ్గిపోయింది. ఆ మార్కెట్టుకి కాయ పచ్చిగా వెళ్ళాలి, అక్కడ నెమ్మదిగా పండాలి. ఇవాళే ఎవడో ఒకడికి ఇచ్చి వదిలించుకుంటున్నాడట మావాడు. మందు కాయలు మాత్రం దిట్టంగా ఉన్నాయి." చేతులు జోడించాడు. "మీ మీద కోపం లేదండీ. కానీ నేను మళ్ళీ మందులోకే పోతున్నాను."

ఆయన్ని తప్పు పట్టడానికి ఏమీ లేదు. వేడి తగిలితే కాయ తొందరగా పండుతుందని ప్రయోగశాలలో మేం చూశాం. అది లారీలో ఎక్కితే ఏమవుతుందన్నది సరిగ్గా అంచనా వెయ్యలేకపోయాం. ఆఫీసులో ఆఫీసరు గారికి చెప్పాను. తిడతారేమోనని గొడుగు వైపు చూశాను. అది మూలనే ఉంది.

"కుళ్ళు ఉందా?" అన్నారు.

"లేదు సార్. తొందరగా పండింది, అంతే."

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి, "తొందరగా పండినా ఇబ్బంది లేని కాయ ఏదమ్మా?" అన్నారు.

రసాలు. అవి నాగపూర్ వెళ్ళవు. విజయవాడ, ఏలూరు, మహా అయితే హైదరాబాదు. కొనేవాళ్ళు ఆ సాయంత్రానికే తినాలని కొంటారు. పండిన కాయే వాళ్ళకి కావాలి. అసలు మేం ఈ గొడవంతా మొదలుపెట్టిందే రసాల కోసం. మధ్యలో షావుకారు గారి లారీ వెంట బంగినపల్లిలోకి వెళ్ళిపోయాం.

అప్పటికి రసాలు జోరుగా దిగుతున్నాయి. షావుకారు గారు మాత్రం కదల్లేదు. "ఒకసారి చూశాం కదండీ" అన్నాడు. ఆయన భార్య గుమ్మంలో నిలబడి వింటోంది.

"ఒక్క లోడు చూడండి. విజయవాడే కదా, పొద్దున పంపితే మధ్యాహ్నానికి కబురొస్తుంది" అంది.

"నీకేం, చెబుతావు."

"చెబుతాను. ఇంట్లోకి ఒక రకం, బజారుకి ఒక రకం వేరు పెట్టలేక చస్తున్నాను. అన్నీ ఒకటే అయితే నాకు సుఖం."

రసాలు వెళ్ళాయి. విజయవాడ నుంచి వచ్చిన కబురు బాగుంది. కొన్ని కుళ్ళాయి, మందు కాయలకన్నా కాస్త ఎక్కువే. కానీ రంగు సమంగా వచ్చిందని, తొందరగా అమ్ముడుపోయాయని చెప్పారు. ఇంకో లోడు వెళ్ళింది. అదీ బాగుంది. ఆ రోజు షావుకారు గారు షెడ్డులో నిలబడి, వేడినీళ్ళలోంచి వచ్చి పండిన కాయ ఒకటి తీసుకుని, పిసికి, అందరి ముందూ తిన్నాడు. ముఠా ఆడవాళ్ళు నవ్వు ఆపుకుంటూ చూశారు. ఆయన టెంక కూడా వదల్లేదు.

ఇది ఇక్కడితో అయిపోయి ఉంటే ఒక చిన్న ప్రయోగం కథగా మిగిలేది. నేను చెప్పదలుచుకున్న రోజు ఆ తర్వాత వచ్చింది.

సీజను చివర ఊళ్ళో రైతులకీ, షావుకార్లకీ కలిపి ఒక సదస్సు జరిగేది. ఆ ఏడు కల్యాణమండపంలో పెట్టారు. వేదిక మీద హైదరాబాదు నుంచి వచ్చిన పై అధికారి, అంటే వేపనూనె రసం తిన్నాయనే. ముందు వరసలో మందుల కంపెనీ ప్రతినిధి, ఒళ్ళో పంచడానికి తెచ్చిన సంచులు. సభకి ముందు పక్క గదిలో పై అధికారికీ, మా ఆఫీసరు గారికీ జరిగిన మాటలు నేను గుమ్మం దగ్గర విన్నాను.

"ఒక్క సీజను చూసి వేడినీళ్ళు సిఫారసు చేస్తారా?" అన్నారు పై అధికారి.

"చెయ్యనండి. ఇంకా చూడాలి. రెండు మూడేళ్ళు పడుతుంది."

"మరి అప్పటిదాకా ఉన్న సిఫారసు అలాగే ఉంచండి. దాన్ని కదిలిస్తే రైతులు గందరగోళ పడతారు."

"వేడినీళ్ళు మంచివని చెప్పడానికి ఇంకా చూడాలండి. రసాలకి మందు వద్దని చెప్పడానికి చూడాల్సింది ఏమీ లేదు. చూసేశాను."

పై అధికారి చెడ్డవాడు కాదు. ఆయన చెప్పినదాంట్లో న్యాయం ఉంది. "ఆలోచించుకోండి. మీ పేరుతో అచ్చయిన కాగితం అది" అన్నారు.

ఆయన వంతు వచ్చినప్పుడు మైకు దగ్గరికి వెళ్ళి, కళ్ళద్దాలు తుడుచుకున్నారు. మామూలుగా ఆయన చాలాసేపు మాట్లాడతారు. ఆ రోజు క్లుప్తంగా చెప్పారు.

"రసాలకి మందు ముంచమని మీకు చెప్పింది నేనండి. ఇక ముంచొద్దని చెబుతున్నదీ నేనే. బంగినపల్లి తొక్క తీసి తింటాం, దానికి మందు ఉండనివ్వండి. రసాన్ని ముచ్చిక దగ్గర నోరు పెట్టి పీలుస్తాం. కుళ్ళు మొదలయ్యేది అక్కడే. మందు నిలిచేదీ అక్కడే. ఈ సంగతి నాకు మొదటి ఏడే తట్టాల్సింది. నేనూ రసాలు తినే పెరిగాను. అయినా తట్టలేదు."

రెడ్డిగూడెం నుంచి వచ్చిన ఒక రైతు లేచాడు. కోపంగా లేడు. అదే ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

"మరి ఇన్నేళ్ళూ మా పిల్లలు తిన్నారు కదండీ?"

"తిన్నారండి. మా ఇంట్లోనూ తిన్నారు." అన్నారు ఆఫీసరు గారు. "ఏమీ కాలేదనే అనుకుంటున్నాను. కానీ అనుకోవడం వేరు, తెలియడం వేరు. నాకు తెలియదు."

ఇంకొకాయన వెనకనించి, "అయితే కుళ్ళిపోతే మీరిస్తారా?" అని అరిచాడు. కొందరు నవ్వారు.

"కొంత కుళ్ళుతుందండి. ముచ్చికతో పాటు చిన్న కాడ ఉంచి కొయ్యండి, సొన కారనివ్వకండి, ఎండలో కుప్ప పొయ్యకండి. దాంతో కొంత తగ్గుతుంది. వేడినీళ్ళు చూస్తున్నాం. హామీ మాత్రం ఇవ్వలేను."

చప్పట్లు ఎవరూ కొట్టలేదు. నలుగురైదుగురు లేచి బయటికి వెళ్ళిపోయారు. కంపెనీ ప్రతినిధి సంచులు పంచకుండానే మూట కట్టుకున్నాడు. పై అధికారి తన ప్రసంగంలో ఈ విషయం ఎత్తకుండా, వర్షాల గురించి మాట్లాడారు. అంతకుముందు ఆఫీసరు గారిని చూసి లేచి నిలబడే షావుకార్లు, టీల దగ్గర ఆయన చుట్టూ చేరలేదు. మా షావుకారు గారు ఒక్కడే ఒక కప్పు తెచ్చి ఆయన చేతికిచ్చి, పక్కనే నిలబడ్డాడు.

నేను ఆ సాయంత్రం ఆయన ఏదో గొప్ప పని చేశారన్న పారవశ్యంలో ఉన్నాను. ఆ పారవశ్యాన్ని మర్నాడు ముఠా పెద్ద దించేసింది. షెడ్డుకి వెళితే తన రెండు చేతులూ ముందుకు చాపింది. వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా లేచి ఉంది.

"డాక్టరుగారు తినేవాళ్ళ నోళ్ళ గురించి చెప్పారంట. బానే ఉందండీ. బంగినపల్లికి మందు ఉంటుందన్నారంట కదా. మరి ఆ నీళ్ళలో చేతులు పెట్టేది మేమే కదండీ? అన్నం కలుపుకుంటే మంటలు. షావుకారు గారు కొబ్బరినూనె ఇస్తాడు."

వేడినీళ్ళకి కర్రా తట్టా పెట్టాం. మందు నీళ్ళకి ఎవరమూ ఆ ఆలోచన చెయ్యలేదు. ఆఫీసరు గారికి చెబితే, ఆయన అప్పుడే గొడుగు తీసుకుని షెడ్డుకి నడిచారు. ఆమె చేతులు చూశారు. ఆ రోజే మందు తొట్టి మీద కూడా అడ్డకర్ర వేయించి, తట్టలు కట్టించారు. "కొత్త కాగితంలో తినేవాళ్ళ నోరు పెడదామనుకున్నాను. ముంచేవాళ్ళ చేతులు కూడా పెట్టాలి" అన్నారు తిరిగి వస్తూ. కొత్త కాగితం అచ్చయింది. షావుకార్లు దాన్ని లక్ష్మీదేవి పక్కన అంటించుకున్నారో లేదో నేను చూడలేదు.

తర్వాత ఏమైందంటే, గొప్పగా ఏమీ కాలేదు. కొందరు మందు మానేశారు, కొందరు ఇంకో పేరున్న మందు కొన్నారు. మా షావుకారు గారి షెడ్డులో రసాలకి వేడినీళ్ళు కొన్నేళ్ళు సాగాయి. కట్టెలు దొరకడం కష్టమయ్యాక ఆగాయి. చాలా కాలం తర్వాత మిషన్లు పెట్టి అదే పని దేశమంతా చేయడం మొదలుపెట్టారు. మా గంగాళాలకీ, దానికీ ఏ సంబంధమూ లేదు. అవి ఎప్పుడో పెళ్ళి వంటలకి తిరిగి వెళ్ళిపోయాయి.

తర్వాతి సీజనుకి ముందే ఆఫీసరు గారికి బదిలీ ఆర్డరు వచ్చింది. అది శిక్ష అని ఎవరూ అనలేదు. ఆయన కూడా అనలేదు. చాలా ఏళ్ళుగా ఒకే చోట ఉన్నారు కాబట్టి సహజమే అన్నారు. గుంటూరు అవతల, మిరప పండే ఊరు. నేనూ, అటెండరూ బస్టాండు దాకా వెళ్ళాం. సామాను పైకెక్కించాక ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు. ఏం మాట్లాడాలో తెలియక, "అక్కడ మిరపలో కూడా కాయకుళ్ళు ఎక్కువ కదా సార్" అన్నాను.

"ఎక్కువే. పని ఉంటుంది" అన్నారు. తర్వాత కాస్త నవ్వి, "నయమేమిటంటే, మిరపకాయని ఎవరూ నోట్లో పెట్టుకుని పీల్చరు" అన్నారు.

కండక్టరు విజిల్ వేశాడు. బస్సు కదిలింది. మేం వెనక్కి తిరగబోతుంటే, ఆయన కిటికీలోంచి తల బయటికి పెట్టి గట్టిగా అన్నారు:

"అయినా వెళ్ళగానే అడుగుతానమ్మా. ఎవరెలా తింటారో!"